పూర్వమోళ్లకు చెప్పిన మాట

ఆ ఫ్లెక్సీ చూడగానే నాకు ఒళ్లు మండింది. బెళుగుప్ప దాటి ఊరివైపు తిరిగే మలుపులో, రెండు కరెంటు స్తంభాల మధ్య, నల్లకోటు వేసుకుని చలువ కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి ఒకడు చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఫోటో కింద పెద్ద పెద్ద అక్షరాల్లో 'ప్రవక్త' అని, ఆ కింద అతని పేరు. మీ పొలంలో బోరు ఎక్కడ పడుతుందో, మీ అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో ప్రభువు ఈ సాయంత్రం బయలుపరుస్తాడు, రండి అని ఇంకో వరస. ఆ ఊరి చర్చి పండుగకు నన్నూ పిలిచారు. పాత ఉపదేశిగారి కూతురు, టీచరుగా రిటైరైన మనిషి, నాలుగు పుస్తకాలు రాసింది, వచ్చి రెండు మంచి మాటలు చెప్పిపోతే బాగుంటుందని ఇప్పటి పాస్టరు ఫోను చేశాడు. సరేనన్నాను. ఆటోలో కూర్చుని ఆ ఫ్లెక్సీని చూస్తూ, మా నాయన బతికి ఉంటే దాన్ని తన చేతులతో చింపేసేవాడని అనుకున్నాను. వెంటనే, కాదులే అనుకున్నాను. మా నాయన ఏదీ చింపే మనిషి కాదు. తుమ్ము వస్తే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని ముక్కు పట్టుకునే రకం. కోపం నాది. ఆయన పడాల్సిన కోపమంతా ఆస్తి పంచినట్టు నాకు పంచి పోయాడు.

ఉపదేశి అంటే ఎవరో ఇప్పటి పిల్లలకు తెలియదు. మా కాలంలో అయ్యగారు, అంటే పాస్టరు, టౌనులో ఉండేవాడు. నెలకొకసారి జీపులో వచ్చి ఆరాధన జరిపి, కోడికూర తిని వెళ్లిపోయేవాడు. తక్కిన రోజులన్నీ గుడి ఊడ్చడం, గంట కొట్టడం, పిల్లలకు పలకమీద అక్షరాలు దిద్దించడం, పెళ్లిలోనూ చావులోనూ ముందు నిలబడటం ఉపదేశి పని. మా నాయన ఆ పని చేశాడు. మాకు ఇచ్చిన గది గుడి వెనకగోడకు ఆనుకుని ఉండేది. ఒకటే గది. దాంట్లోనే పొయ్యి, దాంట్లోనే పడక, దాంట్లోనే నాయన పుస్తకాల పెట్టె. పొయ్యిలో చెనక్కాయ పొట్టు మండేది. ఆ పొగవాసన నా జడలో, నాయన తెల్లచొక్కాలో, ఆయన చదివే వేదం, అంటే బైబిలు, దాని పుటల్లో కూడా ఉండేది. గొర్రెల మంద గది ముందునుంచి పోయినప్పుడు ఆ వాసన వచ్చి పొగవాసన మీద కూర్చునేది. ఈ రెండు వాసనల మధ్య కూర్చుని నేను ప్రవక్తల గురించి విన్నాను. అందుకే నా లెక్కలో ప్రవక్త దగ్గర సెంటు వాసన రాకూడదు, గొర్రెల వాసన రావాలి.

తెల్లవారకముందే నాయన లేచి, లాంతరు వత్తి పెంచి, గట్టిగా చదువుకునేవాడు. ఆ గొంతు వినే గేరి లేచేది. గేరి అంటే మా వాడ. ఊరికి ఎడంగా, చెనక్కాయ చేల పక్కన, విసిరి పారేసినట్టు ఉండేది. అప్పటికే అమ్మ బిందె చంకన పెట్టుకుని నీళ్లకు బయలుదేరేది. ఆమె తిరిగి వచ్చేదాకా మా ఇంట్లో ఏ పనీ మొదలయ్యేది కాదు. వచ్చాక ఆ నీళ్లు ఎన్ని పనులు చేసేవో చూడాలి. గింజలు కడిగిన నీళ్లతో గిన్నెలు కడిగేది. గిన్నెలు కడిగిన నీళ్లతో మా కాళ్లు కడిగేది. ఆ మట్టినీళ్లు మునగచెట్టు మొదట్లోకి పోయేవి. నేను గ్లాసు నీళ్లు సగం తాగి వదిలేస్తే, ఆ సగం తాగేదాకా సంగటి ముద్ద నా కంచంలో పడేది కాదు. ఈ రోజు నా మనవరాలు కుళాయి తిప్పి వదిలేసి పళ్లు తోముకుంటుంటే నేను అరుస్తాను. అవ్వకు పిచ్చి అనుకుంటుంది. అనుకోనీ.

సంగటీ, చెనక్కాయలు నూరిన ఊరిబిండీ తిన్నాక, వాకిట్లో చాప మీద పడుకుని నాయన మాకు ప్రవక్తల సంగతులు చెప్పేవాడు. వాళ్లు ఎక్కడో ఎడారి దేశంలో, ఎన్నో వందల ఏళ్ల కింద బతికిన హెబ్రీయులని నాకు చాలాకాలం తెలియదు. బెళుగుప్పకు అవతల ఎక్కడో ఉంటారనుకున్నాను. ఎందుకంటే నాయన అట్లా చెప్పేవాడు. "ఆమోసు అనేటోడు ఉండె. గొర్లు కాసేటోడు, మేడిపండ్లు ఏరుకునేటోడు. మన ముదిగుబ్బ కాడ కురుబోళ్లు లేరా, ఆ మాదిరి. వాళ్లది గూడా మన మాదిరి గులకరాళ్ల నేలే. ఆయప్ప ఒకనాడు గొంగడి భుజానేసుకొని పెద్ద ఊరికి పోయినాడు. ఆడ ఏముండాది? మిద్దెలు, ఏనుగు దంతాల మంచాలు, పాటలు, పండగలు. బీదోణ్ణి చెప్పుల జతకు అమ్ముతాండారు. అది చూసి ఊరి నడిమధ్య నిలబడి అరిసినాడు." యిర్మీయా కథ నాకు ఇంకా ఇష్టం. ఆయన మాట నచ్చక పెద్దవాళ్లు తాడుకట్టి నీళ్లులేని బావిలోకి దించారు. అడుగున బురదే. ఒక పరదేశి వచ్చి, చంకల్లో పాతగుడ్డలు పెట్టుకొమ్మని చెప్పి పైకి లాగాడు. తాడు ఒరుసుకోకుండా పాతగుడ్డలు పెట్టుకొమ్మన్న ఆ మనిషిని తలచుకుని అమ్మ ప్రతిసారీ, "ఆయప్ప మంచోడు, బాయిలో దిగినోళ్ల కష్టం తెలిసినోడు" అనేది.

గేరిలో ప్రవక్త అనే మాటకు వేరే అర్థం ఉండేది. సోది చెప్పే ఎరుకలమ్మ లాంటివాడే ప్రవక్త అనుకునేవాళ్లు. మబ్బు కనిపించి కరిగిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి, "ఉపదేశన్నా, నీ ప్రవక్తలను అడుగు, వాన ఎప్పుడొస్తాదంట" అనేవారు. నాయన విసుక్కోకుండా చెప్పేవాడు. "వాన ఎప్పుడొస్తాదో చెప్పేటోడు ప్రవక్త కాదప్పా. అది రేడియో చెప్తాది. ఉండే నీళ్లను ఎవురు మళ్లించుకున్నారో చెప్పేటోడు ప్రవక్త." వాళ్లకు ఆ జవాబు నచ్చేది కాదు. వాన సంగతి తెలియని దేవుడితో ఏం పని అన్నట్టు మొహం పెట్టి వెళ్లిపోయేవారు. నాకేమో ఈ ఫ్లెక్సీ మనిషిని చూస్తే ఆ మాటే గుర్తొస్తుంది. అమాయకులు తెలియక పొరబడినదాన్ని ఇతను తెలిసి వ్యాపారం చేసుకున్నాడు.

నేను చెప్పాలనుకున్నది ఒక ఎండాకాలం సంగతి. వరసగా వానలు తప్పిన ఏళ్లలో అది కడపటిది. గేరి బావి ఎండిపోయింది. ఊళ్లో వాళ్ల బావి మేము తాకకూడదు. మిగిలింది పెద్దింటాయన తోటలోని బావి ఒకటే. ఆయన్ని అందరూ పెద్దింటాయన అనే అనేవారు. పొలం ఆయనది, రాజకీయం ఆయనది, పంచాయితీ ఆయనది. ధర్మవరం మగ్గాలకు పట్టు కావాలి కదా, ఆ పట్టుపురుగుల కోసం మల్బరీ తోట పెట్టాడు. బావికి కరెంటు మోటారు బిగించాడు. తోటకు నీళ్లు పారాక, ఎద్దులు తాగాక, తొట్టిలో మిగిలిన నీళ్లను ఆయన జీతగాడు పైనుంచి పోస్తే మా ఆడవాళ్లు కింద బిందెలు పట్టుకునేవారు. ఎద్దు మూతి పెట్టిన నీళ్లు. అవే వడగట్టుకుని తాగాము. ఆ ఎండాకాలం బావిలో నీళ్లు దిగిపోతున్నాయని, ఆకు వాడితే పురుగులు చస్తాయని, దారికి అడ్డంగా ముళ్లకంప వేయించాడు. పురుగులకు నీళ్లున్నాయి, మనుషులకు లేవు.

అదే నెలలో ఆ పెద్దింటాయనే మా గుడి పైకప్పుకు రేకులు ఇచ్చాడు. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి మరి. అయ్యగారు పొంగిపోయి కృతజ్ఞతారాధన పెట్టించాడు. టౌను నుంచి పూలదండ తెచ్చాడు. ముందు వరసలో, ఎవరూ కూర్చోని చేతుల కుర్చీలో పెద్దింటాయన కూర్చున్నాడు. వేదపాఠం చదవమని నాయనకు చెప్పారు. ఏది చదవాలో చెప్పలేదు. అది అయ్యగారి పొరపాటు. నాయన లేచి ఆమోసు మాటలు తీశాడు. మీ పండగలు నాకు అసహ్యం, మీ పాటల గోల నాకొద్దు, న్యాయాన్ని నీళ్లలాగా పారనివ్వండి, నీతిని ఎండని వంకలాగా పారనివ్వండి అని దేవుడు చెప్పే చోటు. చదివి, మా భాషలో మళ్లీ చెప్పాడు. గొంతు పెంచలేదు, ఎవరి వైపూ చూడలేదు. పెద్దింటాయన దండ ఎప్పుడు వేస్తారా అని చూస్తూ, మీటింగుల్లో పెద్దమనుషులు ఊపినట్టు, ప్రతి మాటకూ మెల్లగా తల ఊపుతూ కూర్చున్నాడు.

ఆ తల ఊపడాన్ని మారమ్మవ్వ చూసింది. బాప్తిస్మం ఇచ్చినప్పుడు అయ్యగారు ఆమెకు మరియమ్మ అని పేరు పెట్టాడు కానీ గేరికి ఆమె మారమ్మే. చెవులు సరిగ్గా వినపడవు. అందుకని పీఠానికి ఆనుకుని నేలమీద కూర్చుని నాయన మూతినే చూస్తూ ఉండేది. ఆమెకు ఆ రోజు అందిన మాటలు మూడు: న్యాయం, నీళ్లు, పారనివ్వండి. మా సీమలో న్యాయమంటే పుస్తకాల్లో ఉండే న్యాయం కాదు, పంచాయితీ. ఇద్దరికి తగవొస్తే న్యాయం పెడతారు, పెద్దమనుషులు కూర్చుని న్యాయం తీరుస్తారు. మారమ్మవ్వకు అర్థమైంది ఇదీ: నీళ్ల తగవు దేవుడి దగ్గరికి పోయింది. దేవుడు న్యాయం తీర్చాడు. నీళ్లు పారనివ్వమన్నాడు. ఉపదేశి ఆ తీర్పు చదివాడు. పెద్దింటాయన అందరి ముందూ తల ఊపి ఒప్పుకున్నాడు. గుడి బయటికి రాగానే గేరి ఆడవాళ్లందరికీ అదే చెప్పింది. ఎవరూ కాదనలేదు. వాళ్లకూ తల ఊపడం కనిపించింది కదా.

మరుసటి ఉదయం అందరూ కుండలూ బిందెలూ ఎత్తుకుని బయలుదేరారు. అమ్మ కూడా వెళ్లింది, నేను ఆమె కొంగు పట్టుకుని వెళ్లాను. మారమ్మవ్వ తన చేతికర్రతో ముళ్లకంపను పక్కకు లాగేసి, నేరుగా కాలువ దగ్గరికి నడిచింది. పెద్దింటాయన వేపపుల్ల నములుతూ తోటలోనే ఉన్నాడు.

"ఏమే ముసిల్దానా, కంప తీసినావే, ఎవురు తీయమన్న్యారు?"

"దేవుడే తీయమన్న్యాడు నాయనా. నిన్న న్యాయం తీరె కదా. నీళ్లు పారనియ్యమని చదివిరి. నువ్వు తల ఊపితివి."

"నేనా? నేను యాడ తల ఊపితి?"

"గుళ్లో. దండ ఏసుకునేదానికి ముందర. అందరం చూస్తిమి."

జీతగాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. పెద్దింటాయనకు మొహం జేవురించింది. నవ్విన వాణ్ణి కొట్టలేక, వాణ్ణి మా మీదికి తోలాడు. వాడు కర్ర తీసుకుని కుండలు పగలగొట్టుకుంటూ వచ్చాడు. అప్పటికే కాలువలో ముంచి నింపుకున్న కుండలు కూడా పగలగొట్టాడు. ఆ నీళ్లు మట్టిలో ఇంకిపోతుంటే, మారమ్మవ్వ వంగి పెంకులో మిగిలిన గుక్కెడు నీళ్లను నా నోట్లో పోసింది. మట్టిరుచి. అంత కోపంలో కూడా వాటిని వదిలిపెట్టలేదు మహాతల్లి.

రెండు రోజులకు అయ్యగారి జీపు వచ్చింది. కోడికూర అడగలేదు. మా గదిలోకి వచ్చి, ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుని, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ మాట్లాడాడు. ఆయనది మంచి గొంతు. ఆ మంచి గొంతుతోనే చెప్పాడు.

"ఏం పని చేసినావయ్యా? రేకులిచ్చిన మనిషి మీదికి జనాన్ని ఎగదోస్తావా?"

"నేను ఎగదోయలేదయ్యగారూ. వేదంలో ఉండేది చదివితి."

"ఉండేది సరే. అది ఎవురికి చెప్పిన మాట? పూర్వకాలంలో ఇశ్రాయేలు ప్రజలకు చెప్పిన మాట. ఈ ఊరి మోటారు బాయికి దానికీ ఏం సంబంధం? ఆదివారం నేనుంటాను. నువ్వు లేచి ఆ ఒక్క మాట చెప్పు. ఆ మాటలు పూర్వకాలపు ప్రజలకు చెప్పినవి, మనకు కాదు అని. అంతే. చెప్పకుంటే ఈ గదికి, ఈ పనికి ఇంకో మనిషిని చూసుకుంటాము."

ఆయన వెళ్లాక నాయన చాలాసేపు గడపలో కూర్చున్నాడు. ఆయన దిగులు ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది. ఆ మాట చెప్తే నెత్తిమీద నీడ ఉంటుంది, కానీ నీళ్లు అడిగిన ఆడవాళ్లు దేవుడి దగ్గర కూడా ఓడిపోతారు. చెప్పకపోతే మేము రోడ్డున పడతాం. అమ్మ పొయ్యి ముందు సంగటి కెలుకుతూ, ఇటు తిరగకుండా మాట్లాడింది.

"చెప్పేయ్. ఒక మాటే గదా. చెప్పి ఉండు. ఈ గది పోతే యాడికి పోతాము, పిల్లను ఏసుకొని?"

"అది అబద్ధం గదా."

"గొంతు ఎండి సస్తాంటే నిజమేంది, అబద్ధమేంది. నీ ప్రవక్తలకు పెండ్లాం పిల్లలు లేరు కాబట్టి అరిసినారు."

"యెషయాకు ఉండిరి," అన్నాడు నాయన నెమ్మదిగా. అమ్మ సంగటి కెలికే కట్టెను కుండలో వదిలేసి, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, "అయితే ఆయమ్మను అడగాల్సింది ఎట్లా బతికిందో" అంది.

ఆదివారం గుడి నిండింది. పగిలిన కుండల సంగతి ఊరంతా పాకింది మరి. చేతుల కుర్చీలో పెద్దింటాయన, పక్కన అయ్యగారు. నాయన పీఠం దగ్గరికి వెళ్లి, తల వంచుకుని, అప్పగించిన పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఆ మాట చెప్పాడు. "పోయిన ఆదివారం చదివిన మాటలు పూర్వకాలపు ప్రజలకు చెప్పినవి. మనకు కాదు." నాకు ఆ క్షణంలో మా నాయన మీద వచ్చిన కోపం ఆ తర్వాత ఎవరి మీదా రాలేదు. లేచి పారిపోవాలనిపించింది. అయ్యగారు హమ్మయ్య అన్నట్టు పాటల పుస్తకం తెరిచాడు. అప్పుడు మారమ్మవ్వ పక్కనున్న మనిషిని గట్టిగా అడిగింది. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా.

"ఏమన్న్యాడు ఉపదేశి?"

"ఆ నీళ్ల మాట మనకు కాదంట అవ్వా," అని ఆమె చెవిలో అరిచారు. "పూర్వమోళ్లకు చెప్పిన మాటంట."

గేరిలో అందరూ బాప్తిస్మం తీసుకున్నారు కానీ, పోయినవాళ్లకు నీళ్లు వదిలే ఆచారం మాత్రం అయ్యగారి కళ్లబడకుండా సాగుతూనే ఉండేది. తనకు తెలిసిన ఆ లెక్కలోనే మారమ్మవ్వ అడిగింది.

"పూర్వమోళ్లంటే సచ్చినోళ్లే గదప్పా. అయితే దేవుడు సచ్చినోళ్లకేనా నీళ్లు ఇడవమనేది? బతికినోళ్లకు వద్దన్న్యాడా?"

ఎవరూ నవ్వలేదు. కొత్త రేకులు ఎండకు టపటపమని చప్పుడు చేస్తున్నాయి. నాయన ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పీఠం దిగి వచ్చి, ఆమె ముందు గొంతుకూర్చుని, ఆమెకు వినపడేట్టు, అంటే గుడి అంతా దద్దరిల్లేట్టు, చెప్పాడు. నా జీవితంలో మా నాయన అరవడం అదొక్కసారే విన్నాను.

"లేదవ్వా. నేను అబద్ధం చెప్పితి. ఆ మాట మనకే. ఈపొద్దుకే."

అయ్యగారు నాయనను పేరుపెట్టి పిలిచాడు. నాయన వినలేదు. నేరుగా బయటికి నడిచి గది దగ్గరికి వచ్చాడు, నేను వెనకాలే పరుగెత్తాను. అక్కడ అమ్మ ఉంది. గుడికి రాలేదామె. చెప్పేయ్, చెప్పి ఉండు అని నాలుగు రోజులుగా పోరిన మనిషి, ఆ ఉదయమే గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టి గడపలో పెట్టుకుని కూర్చుంది. "ఎట్లా తెలిసె నీకు?" అని నాయన అడిగితే, "నిన్ను కట్టుకొని ఇన్నేండ్లాయె" అని లేచి సంచి ఎత్తుకుంది.

మేము ఆ ఊరు వదిలాక జరిగింది చూడలేదు, సంతలో కనిపించినవాళ్లు చెబితే విన్నాం. గేరి ఆడవాళ్లు కంప జోలికి మళ్లీ పోలేదు. తోటలో ఆకు కోసే కూలికి పోవడం మానేశారు, అంతే. నీళ్లు లేనిచోట పని లేదన్నారు. పట్టుపురుగు ఆకలికి ఆగదు. పంచాయితీలు, ఎలక్షన్లు, రేకులు దానికి తెలియవు. తట్టల్లో పురుగులు తలలెత్తి వెతుక్కోవడం మొదలుపెట్టగానే పెద్దింటాయన తన జీతగాడితోనే కంప తీయించాడు. ఆడవాళ్లు ఎద్దుల తొట్టి దగ్గర కాదు, మోటారు గొట్టం దగ్గరే బిందెలు పట్టుకున్నారు. ఆ సంగతి విన్న రోజు నాయన చెనక్కాయల మిల్లులో గోతాలు కుడుతున్నాడు. దబ్బనం పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, మళ్లీ కుట్టాడు. చనిపోయేదాకా ఆయన్ని ఏ గుళ్లోనూ పీఠం ఎక్కనివ్వలేదు. ఆయన దాన్ని ఎవరి దగ్గరా తప్పుగా చెప్పుకోలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు. ఆ మంచితనం నాకు లేదు. నేను ఆ అయ్యగారిని క్షమించలేదు, క్షమించను కూడా.

ఇక ఇప్పటి సంగతి. రేకుల గుడి లేదు. గ్రానైటు మెట్లు, రంగు అద్దాలు, చల్లటి గచ్చు. గోడకు పాలరాతి ఫలకం. దాని మీద పెద్దింటాయన కుటుంబం చేసిన దానాల వివరం ఉంది. మా నాయన పేరు లేదు. మారమ్మవ్వ పేరు ఉండే ప్రశ్నే లేదు. చర్చి ఆవరణలో గేరివాళ్లంతా రెక్కల కష్టంతో వేయించుకున్న బోరు ఒకటుంది. ఆ బోరు మీద పెద్దింటాయన మనవడు ఫిల్టరు ప్లాంటు పెట్టాడు. కుళాయి నీళ్లు తాగితే ఫ్లోరైడుకు ఎముకలు వంగిపోయే నేల మాది. అందుకని తమ బోరులో నీళ్లను తామే క్యాన్లలో కొనుక్కుంటున్నారు గేరివాళ్లు. పండుగ కాబట్టి ఆ రోజు ప్లాంటుకు తాళం. గోడపక్కన ఖాళీ క్యాన్లు వరసగా పెట్టి, ఆడవాళ్లు పట్టుచీరల్లో కూర్చుని ఉన్నారు. ఇదేమిటని పాస్టరును అడిగాను. పిల్లవాడు, మర్యాదస్తుడే. "అవన్నీ ఇప్పుడెందుకులే మేడమ్. ఆ ప్లాంటాయన స్టేజీ ముందరే ఉంటాడు. మీరు పాతకాలం జ్ఞాపకాలు చెప్పండి చాలు," అన్నాడు. పాతకాలం. మంచి గొంతు ఇతనిది కూడా.

సభ మొదలయ్యేలోపు సమాధుల వైపు వెళ్లాను. మారమ్మవ్వ మనవరాలు సుంకమ్మ దారి చూపించింది. సిమెంటు కూడా చేయని మట్టిదిబ్బ, తలవైపు ఒక రాయి. నా చేతిలో స్టేజీ వాళ్లిచ్చిన నీళ్ల సీసా ఉంది. నోట్లో పోసిన ఆ మట్టినీళ్లు గుర్తొచ్చి, మూత తీసి ఆ దిబ్బ మీద పోయబోయాను. సుంకమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆమెకెందుకక్కా నీళ్లు. నువ్వు తాగు. గొంతు తడిస్తే గదా మైకులో మాట్లాడేది."

నేను ఉలిక్కిపడ్డాను. వాళ్లవ్వ అడిగిన మాట గురించి ఈమెకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. అడగలేదు. సీసా ఎత్తి, ఒక చుక్క కూడా మిగలకుండా తాగాను.

స్టేజీ మీద కోటు ప్రవక్త ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. రెండు మంచి మాటలు చెప్తాననే చెప్పి, పాస్టరు చేతిలో వేదం తీసుకుని, ఆమోసు చెప్పిన చోటు తెరిచాను. మా నాయన లాగా గొంతు పెంచకుండా చదివాను. తర్వాత మా భాషలో చెప్పాను. న్యాయం, నీళ్లు, పారనియ్యండి. అయిపోయాక, ఇవి పూర్వమోళ్లకు చెప్పిన మాటలు కావు, ఈపొద్దుకే అన్నాను. ముందు వరసలో, సోఫా కుర్చీలో, పెద్దింటాయన మనవడు తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. శాలువా ఎప్పుడు కప్పుతారా అని చూస్తూ, నేను చెప్పే ప్రతి మాటకూ మెల్లగా, పెద్దమనిషి తరహాలో, తల ఊపుతున్నాడు.

వెనకాల క్యాన్ల పక్కన కూర్చున్న ఆడవాళ్ల వైపు చూశాను. సుంకమ్మ అతని తలనే చూస్తోంది.